రెండు ఫోన్లలో ఒక గొంతు

పదకొండు గంటలకు పెద్దావిడ మూడో వరుస అక్షరాలు చదువుతోంది. ముక్కు మీద గుండ్రటి పరీక్ష ఫ్రేము ఉంది, కుడి కంటికి నల్ల మూత ఉంది, ఎడమ కంటితో మొదటి రెండు వరుసలూ తప్పు లేకుండా చదివింది. అప్పుడు ఆ గదిలోనే, ఆమె చెవికి మూరెడు దూరంలో, గంభీరమైన మగ గొంతు ఒకటి ఇలా ప్రకటించింది: "గమనించగలరు. నాలుగో నంబరు ప్లాట్‌ఫాం మీద ఉన్న బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ప్రయాణికులు తమ తమ స్థానములలో కూర్చోవలసిందిగా కోరుచున్నాము." పెద్దావిడ నాలుగో వరుసకు రాలేదు. సంచీ తీసుకుంది, చెప్పులు వేసుకుంది, వెళ్ళిపోయింది.

కళ్ళజోళ్ళ షాపుకీ బస్టాండుకీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డు కనుక ఆమెను పట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. నాలుగో నంబరు ప్లాట్‌ఫాం మీద, ఒక కంటికి మూతతో, బస్సు లేని చోటును రెండో కంటితో తేరిపార చూస్తూ నిలబడి ఉంది. జనం ఆమెకు కాస్త ఎడంగా జరిగి నిలబడ్డారు.

ఆ ప్రకటన చేసింది ఒక ఫోను. షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మనిషి దాన్ని పరీక్ష గదిలో ఛార్జింగుకు పెట్టాడు. రోజూ పదకొండింటికి బి.పి. మాత్ర వేసుకోవాలని అలారం పెట్టుకున్నాడు. అలారానికి గంట మోత బదులు తన బావ గొంతు పెట్టుకున్నాడు. బావ ఇరవై రెండేళ్ళు ఆ బస్టాండులోనే అనౌన్సరు. పెద్దావిడ మోసపోవడంలో ఆమె తప్పేమీ లేదు.

ఓనరు మంచివాడు. అరవలేదు. అలారానికి ఇంకేదన్నా సౌండు పెట్టుకోమన్నాడు, అంతే.

"అలాగేనండీ. బావవే ఇంకా రెండొందల పైన ఉన్నాయి. రోజుకోటి మార్చినా ఏడు నెలలు వస్తాయి," అన్నాడు అద్దాలు బిగించే మనిషి, పెద్దావిడ ముక్కు మీద నుంచి ఫ్రేము జాగ్రత్తగా తీస్తూ. అన్నాడే గానీ మార్చలేదు. ఆ బద్ధకం వల్ల ఏం మిగిలిందో తరువాత తెలుస్తుంది.

ఈయన్ని షాపులో అందరూ ఓపెన్ బాబాయ్ అంటారు. ఎవరి ఫోను కనబడినా లాక్ ఓపెన్ చెయ్యమని అడిగేవాడని కొందరూ, కోడు అందరికీ తెరిచిపెట్టిన ఓపెన్ సోర్స్ యాపుల గురించి బుర్ర తినేవాడని కొందరూ ఆ పేరుకు కారణం చెబుతారు. రెండూ నిజమే. అద్దం అరగదీసి బిగించడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా కస్టమరు బెంచీ మీద ఊరికే కూర్చోవడం బాబాయ్‌కి చూడ బుద్ధయ్యేది కాదు. మిషను తిరుగుతుండగానే కిటికీలోంచి తల బయటకు పెట్టి, ఫోనులో టార్చి యాప్ ఏది వాడుతున్నారని అడిగేవాడు. ఆ టార్చి ఏమేం అనుమతులు తీసుకుందో వాళ్ళ చేతే తెరిపించి చూపించేవాడు.

"టార్చికి మీ అత్తగారి నంబరెందుకమ్మా? చీకట్లో ఆవిడకు ఫోన్ చేస్తుందా?" అనేవాడు.

అక్కడి నుంచి వరుసగా సాగేది. మనం కొట్టే అక్షరాలను ఎక్కడికీ పంపని కీబోర్డు. నెట్ లేకపోయినా దారి చూపే మ్యాపు. ప్రకటనలు లేకుండా ఏ పాటైనా వీడియో అయినా ఆడించే ప్లేయరు. ఫోటోలను మనింట్లోనే ఉంచే గ్యాలరీ. ఇలాంటివన్నీ ఒకే చోట దొరికే యాపుల దుకాణం. కళ్ళజోడు కోసం వచ్చిన మనిషి ఫోను కూడా కడిగించుకుని వెళ్ళేవాడు. బాబాయ్ భార్య మాత్రం ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ తన ఫోను దిండు గలీబులో దాచుకునేది.

వెళ్ళేవాళ్ళకు చివర్లో మూడు మాటలు చెప్పి పంపేవాడు. యాప్ ఏం అడుగుతోందో చదవండి. రాసినవాళ్ళు కోడు బయట పెట్టారో లేదో చూడండి. ముఖ్యమైనది ఏదైనా సరే, రెండు చోట్ల ఉంచండి.

బావకు గొంతులో వచ్చింది మామూలు నొప్పి కాదని, పెద్దావిడ సంగతికి రెండు నెలల ముందు, చైత్రం ఎండల్లో తేలింది. స్వరపేటిక తీసేయాలన్నారు. తీసేస్తే మనిషి ఉంటాడు, మాట ఉండదు. ఆపరేషనుకు తొమ్మిది రోజుల గడువిచ్చారు. అక్క డాక్టరు దగ్గర ఏడవలేదు. ఇంటికి వచ్చి, గిన్నెలు తోముతూ, తమ్ముడితో ఒక్క మాటంది.

"ఒరేయ్, ఊరందరికీ ఏవేవో పెట్టిస్తావు కదా. మీ బావ గొంతు ఎక్కడన్నా దాచిపెట్టరా."

ఓపెన్ బాబాయ్‌కి జీవితంలో ఎవరూ ఇంత పెద్ద పని చెప్పలేదు. తొమ్మిది రోజులూ షాపుకు సెలవు పెట్టాడు. గొంతును శుభ్రంగా పట్టే రికార్డరు ఒకటి ఎంచాడు. రికార్డు చేసిన మాటలను బొమ్మల బటన్ల కింద పెట్టి, నొక్కితే పలికించే యాప్ ఒకటి వెతికాడు. రెండూ ఓపెన్ సోర్సువే. గది గోడలకు మాట మోగుతోందని బావను బట్టల బీరువా ముందు కూర్చోబెట్టి, తలుపులు రెండూ తెరిచి, చీరల మధ్యకు తల పెట్టించి మాట్లాడించాడు. మైకు పరీక్ష కోసం ఏదో ఒకటి అనమంటే బావ అలవాటుగా నాలుగో నంబరు ప్లాట్‌ఫాం బస్సును కదిలించాడు. అది ఒకటో నంబరు ఫైలు. అంత బాగా వచ్చిందని ముచ్చటపడి బాబాయ్ అప్పటికప్పుడే దాన్ని తన ఫోనులో అలారంగా పెట్టుకున్నాడు.

తక్కినవి ఇంటి మాటలు. నీళ్ళు కావాలి. ఫ్యాను తగ్గించు. నాకు ఆకలిగా లేదు, మీరు తినండి. ఎవరదీ తలుపు దగ్గర. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఎక్కడికి పోతుంది, మొదటి రోజంతా బావ, "గమనించగలరు, కందిపప్పు అయిపోయినది," అనే ధోరణిలోనే మాట్లాడాడు. అక్క బీరువా తలుపు వెనక నుంచి కసిరింది. "ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడండి. నేనేమన్నా టికెట్టు కొన్నానా?" ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు కూడా ఎనభై ఆరో నంబరులో పడింది.

మేనకోడలు నర్సు. డ్యూటీ నుంచి వచ్చి ఇదంతా చూసి, ఫోనుతో పాటు వచ్చిన కంపెనీ క్లౌడులో కూడా ఒక కాపీ పడేయమంది. బాబాయ్, మిక్సీ ఆగిన తరువాత కూడా అరిచి మాట్లాడేవాళ్ళలా, ముప్పావుగంట ఉపన్యాసమిచ్చాడు. మీ నాన్న గొంతు ఎవడో పరాయివాడి కంప్యూటరులో ఎందుకుండాలి, రేపు వాడు దాన్ని దేనికి వాడతాడో నీకేం తెలుసు అన్నాడు. తన దగ్గర అంతకంటే మంచి ఉపాయం ఉందన్నాడు. రెండు ఫోన్లను నేరుగా జత కలిపే యాప్. బావ ఫోనులోని ఫోల్డరులో ఏది పడితే అది దానంతటదే బాబాయ్ ఫోనులోకి వచ్చేస్తుంది. మధ్యలో కంపెనీ లేదు, దళారీ లేదు. మేనకోడలికి నిద్ర వస్తోంది. సరే మావయ్యా, నీకే బాగా తెలుసు అని లోపలికి వెళ్ళింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి రెండు వందల పదమూడు అయ్యాయి. బావ ఇంకొకటి ఉందన్నాడు. రికార్డరు ఎలా నొక్కాలో అడిగి తెలుసుకుని, బావమరిదిని వరండాలోకి వెళ్ళమన్నాడు, అక్కను ఉండమన్నాడు. తలుపు మూసుకుంది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో బావ అక్కను ఇదిగో అనీ, వినబడిందా అనీ పిలవడమే గానీ పేరు పెట్టి పిలిచింది లేదు. తలుపు తెరుచుకునేసరికి అక్క ముఖం పమిటలో ఉంది. బావ కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. రెండు వందల పద్నాలుగో ఫైలు నిడివి పదకొండు సెకన్లు. దాని కాపీ మరు నిమిషంలో బాబాయ్ ఫోనులోకి వచ్చి చేరింది. ఆయన దాన్ని ఎప్పుడూ తెరిచి వినలేదు. ఊరందరి ఫోన్లూ తెరిచిన మనిషి, అదొక్కటీ తెరవలేదు.

ఆపరేషను అయింది. బావ ఇంటికి వచ్చాడు, మెడకు గుడ్డ కట్టుకుని, ఫోను జేబులో పెట్టుకుని. మొదటి వారం బటన్లు అద్భుతంగా పనిచేశాయి. రెండో వారం పింఛను కాగితాల కోసం బస్టాండుకు వెళితే, మేనేజరు లేచి నిలబడి, మీ గొంతు లేక బస్టాండు బోసిపోయిందండీ అంటూ చెయ్యి పట్టుకున్నాడు. జేబులో ఏం నొక్కుకుందో ఏమో, "నాకు ఆకలిగా లేదు, మీరు తినండి," అంది బావ గొంతు, నిండుగా. మేనేజరు చెయ్యి వదిలేశాడు. బావ ఇంటికి వచ్చి ఆ రోజంతా మంచం దిగలేదు.

ఐదో వారంలో బాబాయ్‌కి బావ నుంచి మెసేజ్ వచ్చింది. నా ఫోను నిండిపోయింది, ఆ మాటలన్నీ తీసేస్తాను, నీ దగ్గర ఉన్నాయిగా అని. టైపు చేసింది చదివి పెట్టే మరో యాప్ కూడా బాబాయ్ అంతకు ముందే పెట్టించి ఉన్నాడు. దాని గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు దొర్లినట్టుంటుందని అక్క అనేది. బావ ఇక దానితోనే సర్దుకుంటానన్నాడు. మెసేజ్ వచ్చేసరికి బాబాయ్ చేతిలో సగం అరిగిన అద్దం ఉంది. తడి వేలితో జవాబు కొట్టాడు.

"తీసేయ్ బావా. నా దగ్గర భద్రం."

పెద్దావిడ బస్సెక్కబోయింది ఆ మరుసటి వారంలోనే. రెండొందల పైన ఉన్నాయని బాబాయ్ ఓనరుకు చెప్పినప్పుడు, అప్పటికే ఆయన ఫోల్డరులో ఉన్నవి సున్నా.

అది ఆయనకు తెలిసింది ఇంకో రెండు వారాలకు. అక్క పాత మీటల ఫోను వాడుతుంటే మేనకోడలు కొత్త ఫోను కొనిపెట్టింది. అక్క ఫోన్ చేసి, గొంతు తగ్గించి, రేపు ఆదివారం వచ్చి మిగతావి ఎక్కించకపోయినా ఫరవాలేదు, ఆ ఆఖరుది ఒక్కటి ఎక్కించమంది. మధ్యాహ్నం భోజనాల వేళ, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని బాబాయ్ ఫోల్డరు తెరిచాడు. ఫోల్డరు ఉంది. లోపల ఏమీ లేదు. మూసి తెరిచాడు. ఫోను ఆపి మళ్ళీ వేశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని చూశాడు.

అప్పుడు అర్థమైంది. జత కలిపిన ఫోన్లలో ఒకచోట పెట్టినది రెండోచోటికి ఎలా వస్తుందో, ఒకచోట తీసేసినది రెండోచోట అలాగే పోతుంది. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. పోయినవాటిని కొన్నాళ్ళు విడిగా దాచి ఉంచే ఏర్పాటు ఆ యాపులోనే ఉంటుంది, ఎవరికి పెట్టినా మొదట దాన్ని ఆన్ చెయ్యమని చెప్పేవాడు. బావ ఇంట్లో, మేనకోడలికి ఉపన్యాసం ఇచ్చే హడావుడిలో, తను చెయ్యలేదు.

ఆ సాయంత్రం లోపల చెయ్యగలిగినవన్నీ చేశాడు. పోయిన ఫైళ్ళు వెతికే యాపులు నాలుగు ఎక్కించాడు. ఏవో పాత మెసేజీల బొమ్మలు దొరికాయి. ఫోన్లు బాగుచేసే షాపువాడు చూసి, తీసేసి మూడు వారాలు దాటాక ఇందులో ఏమీ ఉండదు బాబాయ్, నువ్వే కదా నాకు చెప్పావు అన్నాడు. రోడ్డు దాటి బస్టాండు ఆఫీసుకు వెళ్ళి, ఇరవై రెండేళ్ళ అనౌన్సుమెంట్లలో ఒక్కటైనా టేపు మీద ఉందా అని అడిగాడు. మైకులో మాట్లాడితే స్పీకర్లలోంచి పోయేదే గానీ పట్టి ఉంచే ఏర్పాటు ఎన్నడూ లేదన్నారు. ఇప్పుడు మిషను పెట్టారట, అన్నీ అందులో ఉంటాయట. వాళ్ళు మాట్లాడుతుండగానే పైనుంచి ఎవరో అమ్మాయి తీయగా రెండో నంబరు ప్లాట్‌ఫాం గురించి చెప్పింది.

చివరికి ఆ యాప్ వాడేవాళ్ళూ రాసేవాళ్ళూ మాట్లాడుకునే చోట తన గోడు రాద్దామని కూర్చున్నాడు. ఇలాంటిది ముందే ఎవరైనా అడిగారేమోనని వెతికితే ఒకటి దొరికింది. రెండేళ్ళ కిందట ఎవరో తండ్రి, చిన్న బిడ్డ ఫోటోలు ఇలాగే రెండు ఫోన్లలోనూ పోయాయని రాశాడు. కింద జవాబు ఉంది. జత కలపడం వేరు, కాపీ దాచడం వేరు, ఈసారి జాగ్రత్త అని, పక్కన నవ్వు ముఖం. జవాబిచ్చింది ఓపెన్ బాబాయే.

రాయడం మానేశాడు. యాపుకు కంపెనీ లేదని, యజమాని లేడని ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్నాడు. ఇప్పుడు చొక్కా పట్టుకుని అడగడానికి కూడా ఎవరూ లేరు, తన చొక్కా తప్ప.

ఆదివారం పది దాటాక అక్క ఇంటికి వెళ్ళాడు. కొత్త ఫోను బల్ల మీద, పెట్టె పక్కన ఉంది. బావ మంచం మీద గోడకు ఆనుకుని పేపరు చదువుతున్నాడు. మేనకోడలు తల దువ్వుకుంటోంది. బాబాయ్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఎలా చెప్పాలో రాక, మాటల్లోకి దీపాన్నీ అద్దాలనూ తెచ్చాడు.

"రెండు కాపీలు అనుకున్నానక్కా. కాదు. ఒకటే దీపం, రెండద్దాల్లో కనబడింది. ఆరిపోయింది."

అక్కకు దీపమూ అద్దమూ పట్టలేదు. "రెండు చోట్ల ఉందన్నావు కదరా," అంది. మళ్ళీ అదే మాట అంది. మేనకోడలు దువ్వెన జుట్టులోనే వదిలేసి చూస్తోంది. క్లౌడు మాట ఎత్తుతుందని బాబాయ్ మెడ వంచుకుని ఎదురుచూశాడు. ఎత్తలేదు. ఎత్తి ఉంటే కొంచెం ఊపిరి ఆడేది.

"ఆయన తన నోటితో నా పేరు ఒక్కసారే అన్నారు. ఆ ఒక్కసారీ తెచ్చి నీ చేతిలో పెట్టాను," అంది అక్క.

బావ పేపరు పక్కన పెట్టాడు. ఫోను తీసి టైపు చెయ్యసాగాడు. చాలాసేపు చేశాడు. రేకు డబ్బా గొంతు ఒక్కొక్క ముక్కే దొర్లించింది: "వాడినేం అనకు. తీసేసింది నేను. ఫోను నిండలేదు. నేను బటను నొక్కితే నువ్వు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేదానివి. ముఖం వెలిగిపోయేది. నా చేతిలో ఫోను చూసేసరికి వాడిపోయేది. రోజుకు పదిసార్లు. చూడలేకపోయాను. వాడి దగ్గర ఉంటుంది, నేను లేనప్పుడు వింటావు అనుకున్నాను."

ఆ గొంతుకు ఎక్కడ ఆగాలో తెలియదు. అన్నీ ఒకే ఎత్తున చదివేసి ఊరుకుంది. అక్క మంచం అంచున కూర్చుంది. వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొట్టుకుంటున్నారు, ఆ చప్పుడు వినబడుతోంది.

అప్పుడు పదకొండయింది.

"గమనించగలరు," అంది బాబాయ్ జేబులోంచి బావ గొంతు. "నాలుగో నంబరు ప్లాట్‌ఫాం మీద ఉన్న బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

అక్క లేచి నిలబడింది. ముఖం వెలిగింది. బావ అది చూసి తల గోడవైపు తిప్పేసుకున్నాడు.

అలారంగా పెట్టుకున్నప్పుడు ఒకటో నంబరు ఫైలు ఇంకో చోటికి కాపీ అయింది. జత కలిపిన ఫోల్డరు బయట ఉంది కనుక బతికిపోయింది. వెతుకులాటలో బాబాయ్‌కి అది తట్టనే లేదు. రెండు వందల పద్నాలుగు ఫైళ్ళలో మిగిలింది మైకు పరీక్ష ఒక్కటే. మేనకోడలు మావయ్య చేతిలోంచి ఫోను లాక్కున్నంత పని చేసింది. అక్క ఫోనులో ఎక్కించింది, తన ఫోనులో ఎక్కించింది, ఆసుపత్రి కంప్యూటరుకు పెట్టుకునే పెన్‌డ్రైవులో ఎక్కించింది. ఆఖరున ఆగి ఆయన వైపు చూసింది.

"కంపెనీ క్లౌడులో కూడా పెట్టమ్మా," అన్నాడు ఓపెన్ బాబాయ్.

అక్క దాన్ని రోజూ వింటుందట. ఒకసారి విని, తలుపు వైపు చూసి, మళ్ళీ వింటుందట. తమ్ముడితో మాట్లాడటం మానలేదు. కూర ఏం వండారని అడుగుతుంది, బి.పి. ఎంతుందని అడుగుతుంది. ఒకరోజు మాత్రం, ఇరవై ఆరేళ్ళు కాపురం చేస్తే చివరికి నాకు మిగిల్చింది బస్సు కదులుతోందన్న సంగతేనా, ఏ బస్సో కూడా చెప్పలేదు అంది. నవ్వు తెచ్చుకుని అందామని చూసింది గానీ రాలేదు. బావ ఇప్పుడు రేకు గొంతు కూడా వాడడు. పలక కొనుక్కున్నాడు. రాసి చూపిస్తాడు, చదివాక చెరిపేస్తాడు.

షాపులో అరగంట బెంచీ మీద కూర్చునే కస్టమర్లు ఇప్పుడు గోడ మీద ఫ్రేములు లెక్కపెట్టుకుంటున్నారు. కిటికీలోంచి తల బయటకు రాదు. ఒకావిడ తనంతట తానే ఫోను చాచి, మా చెల్లెలికి మీరేవో మంచి యాపులు పెట్టారట, నాకూ పెట్టండి అంటే, ఫోను కంపెనీవాళ్ళు ఇచ్చినవి బాగానే ఉంటాయండీ అన్నాడు. లెన్సు తుడిచే గుడ్డ మాత్రం ఇచ్చాడు. కౌంటరు దగ్గర అమ్మాయిలు ఓపెన్ బాబాయ్ అని పిలవడం తగ్గించారు. బాబాయ్ అంటున్నారు.

మొన్న వానరోజు పదకొండింటికి ఓనరు ఒక పెద్దాయనకు కళ్ళు పరీక్షిస్తున్నాడు. పెద్దాయన ఐదో వరుసలో ఉన్నాడు. నాలుగో నంబరు ప్లాట్‌ఫాం మీద బస్సు బయలుదేరుటకు సిద్ధమైంది. పెద్దాయన పరీక్ష ఫ్రేముతోనే గొడుగు తెరిచి బయలుదేరాడు, వెనక ఓనరు తడుస్తూ పరిగెత్తాడు. తిరిగొచ్చి, తల తుడుచుకుంటూ బాబాయ్ పనిగది తెర పక్కకు లాగి నిలబడ్డాడు. బాబాయ్ మాత్ర చేతిలో పట్టుకుని, నీళ్ళ సీసా మూత కూడా తీయకుండా, ఆగిపోయిన అలారం వైపే చూస్తున్నాడు.

"ఏమయ్యా, మార్చుకుంటానని మూడు నెలల కిందట అన్నావు. వేరే సౌండు పెట్టుకోవడానికి నీకొచ్చిన కష్టమేమిటి?" అన్నాడు ఓనరు.

"మార్చడానికి ఇంకోటి లేదండీ," అన్నాడు బాబాయ్.